ఎల్మర్ తాత కుడికాలు

ఎల్మర్ తాత లాంటి మొండిమనిషిని నేను మూడు దేశాల్లో చూడలేదు. మూడు దేశాలంటే ఇండియా, కెనడా, ఇంకా విమానం మారేటప్పుడు దోహాలో ఏడు గంటలు కూర్చున్నా కదా, అదీ లెక్కే. ఎనభై ఎనిమిదేళ్ళ తెల్లాయన. తాటిచెట్టంత ఎత్తు. ఎడ్మంటన్‌లో మిల్ వుడ్స్ పేట పక్కన పాత ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు పాటగాడట. ఆ ముక్క ముందు ఆయన చెప్పలేదు, ఆయన కాలు చెప్పింది.

అది మన పిల్లలు విమానాలకి విమానాలే నిండి దిగుతున్న కాలం. రెండువేల ఇరవై రెండు. ఎవర్ని చూసినా చేతిలో కాలేజీ ఉత్తరం, వీపున బ్యాగు, నోట్లో "ఆంటీ, బేస్‌మెంట్ ఏమైనా ఖాళీ ఉందా?" ఒక్కో బేస్‌మెంట్లో ఆరుగురు. గరాజుల్లో కూడా పడుకుంటున్నారని విన్నా. చూడలేదు గానీ, చూసినట్టే అందరికీ చెప్పా. ఆ తొక్కిసలాటలో ఇద్దరు ఆడపిల్లలకి ఈ ఎల్మర్ ఇంటి బేస్‌మెంట్ దొరికింది. వర్షిణిది కరీంనగర్, తేజశ్రీది ఒంగోలు. పగలు కాలేజీ, సాయంత్రం ఒకతి కాఫీ షాపులో, ఇంకొకతి కిరాణా స్టోర్లో. నేను ఆదివారం ఆదివారం పిల్లలకి కూరలు వండి ఇస్తుంటా, అలా పరిచయం.

మొదటి ఆదివారమే కళ్ళు ఉబ్బిపోయి కనిపించారు.

"ఆంటీ, మా నెత్తి మీద ఏదో జంతువుంది. పొద్దున ఆరింటికల్లా దబ్ దబ్‌మని మొదలెడుతుంది," అంది తేజశ్రీ.

"జంతువు గాదాంటీ, ఓనరే," అంది వర్షిణి. "గిటార్ కొట్టుకుంట కాలుతోని నేలని తంతుండు. మొన్న సీలింగ్ మీదికెళ్ళి పొడి రాలి నా ఉప్మాల పడ్డది."

నా ఒళ్ళు మండింది. పిల్లల నిద్ర చెడగొడతాడా! మా ఆయన రంగనాథ్‌ని కార్లోనే ఉండమని, చేతిలో పప్పుచారు డబ్బాతో మెట్లెక్కి తలుపు కొట్టా. తీశాడు. చూద్దునా, ఇంట్లో బూట్లు! కెనడాలో దొంగ వచ్చినా గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికొస్తాడు. ఈయన మోకాళ్ళ కిందిదాకా తోలు బూట్లు తొడుక్కుని చెక్కనేల మీద నిలబడ్డాడు.

"మిస్టర్ ఎల్మర్! బూట్స్! గర్ల్స్ స్లీపింగ్!" అన్నా, నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగేసి.

"ఇది బూటు కాదమ్మా, నా డ్రమ్ము," అన్నాడు. అని ఊరుకున్నాడా? నన్ను కుర్చీలో కూలేసి వాయించి చూపించాడు.

ఆ పాటల్ని కంట్రీ బూగీ అంటారట. నాకు అర్థమైనట్టు చెప్తా. పొలం గట్టున పాడుకునే పాటకి రైలింజను తగిలిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. పైన ఆవు తప్పిపోయిందనో, పిల్ల అలిగి వెళ్ళిపోయిందనో ఏడుపు. కింద మాత్రం చుకు చుకుమని ఒకటే పరుగు. ఏడుస్తూనే గెంతాలనిపిస్తుంది. నా చేతిలో డబ్బా దానంతటదే ఊగి సగం పప్పుచారు చీర మీద పోయింది. తిడదామని వెళ్ళినదాన్ని, "ఇంకోటి వాయించు తాతా" అని దిగొచ్చా. పిల్లలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం, ఇంగ్లీషుకి అర్థం చెప్పడానికి వర్షిణిని పక్కన పెట్టుకుని కూపీ లాగా. నాలుగు ఆదివారాల్లో మొత్తం జీవితం బయటికొచ్చింది.

ఊరు ఇక్కడికి తూర్పుగా గంటన్నర దూరం. గోధుమలు పండించే ఉక్రేనియన్ రైతులు. ఈయనకి పదమూడేళ్ళప్పుడు, బొమ్మల పుస్తకం చూసి సామాన్లు తెప్పించుకునే కేటలాగు కంపెనీ నుంచి ఒకే పెట్టెలో గిటారూ బూట్లూ వచ్చాయట. బూట్లు నాన్నకి, గిటారు అక్కకి. నాన్న కాలికి బూట్లు పట్టలేదు. అక్క ఆ గిటారు తీగలు చూసి వేళ్ళు తెగుతాయని వద్దంది. రెండూ ఈయనకి మిగిలాయి. ఆ రోజు పట్టుకున్నవి ఇప్పటికీ వదల్లేదు. బూట్లు మారాయనుకోండి, మనిషి మారలేదు.

పదిహేడేళ్ళకి బ్యాండు పెట్టాడు. ఫిడేలుకొకడు, పియానోకొకడు, డ్రమ్ములకొకడు. డ్రమ్ములవాడు పెళ్ళి చేసుకోగానే మానేశాడు. వాడి బదులు ఇంకొకణ్ణి వెతుక్కోవచ్చు కదా? వెతకలేదు. "నా కాలుంది" అన్నాడు. వాళ్ళ ఊరి రైతులు కట్టుకున్న హాలుకి కింద పునాది గుల్లగా ఉంటుందట. ఆ చెక్కనేల మీద ఈయన కుడికాలు పడితే పది డ్రమ్ములు మోగినట్టుండేదట. శనివారం వస్తే మైనస్ యాభై చలిలో గుర్రబ్బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళట జనం. ఆయన నలభై అన్నాడు. పది నేను కలిపా.

పంతొమ్మిదొందల యాభై నాలుగులో అసలు అదృష్టం తలుపు కొట్టింది. పట్నం నుంచి రికార్డులు తీసే కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. పెళ్ళాం డోరిస్‌ని ట్రక్కులో వేసుకుని వెళ్ళాడు. లోపల ఆ ఇంజనీరు, "నీ బూటు చప్పుడుకి రికార్డు గీసే సూది ఎగిరిపోతోందయ్యా. బూట్లిప్పి ఈ తివాచీ మీద కూర్చుని వాయించు" అన్నాడట. అడిగిందేంటి? బూట్లు విప్పమని. కాళ్ళు నరుక్కోమనలేదు.

"కాలు లేకపోతే అది నా పాట కాదు" అని గిటారు పెట్టెలో పెట్టుకుని బయటికొచ్చేశాడు.

డోరిస్ ట్రక్కులో కూర్చుని శాండ్‌విచ్ తింటోందట. "అప్పుడే అయిపోయిందా?" అంది. "అయిపోయింది" అన్నాడు. అంతే. తర్వాత గోల గోల పాటలు వచ్చి ఈ పాటలు మూలపడ్డాయి. ఈయన ముప్పై ఒక్కేళ్ళు సిటీలో మంచు తోసే బండి నడిపాడు. డోరిస్ పోయేదాకా, యాభై రెండేళ్ళు, ఒకటే మాటట. "ఒక్క గంట ఆ బూట్లు విప్పుంటే నీ సొమ్మేం పోయేది ఎల్మర్?" ఆవిణ్ణి నేను చూడలేదు గానీ, ఆ మాట వినగానే మా అక్క అనిపించింది. పాపం, ఎంత విసిగిపోయుంటుందో.

అలా, ఊరూరా వాయించిన మనిషి పాట ఒక్కటంటే ఒక్కటి ఎక్కడా రికార్డు లేదు.

జనవరిలో ఒకరోజు వర్షిణి ఏడ్చుకుంటూ ఫోన్ చేసింది. తాతకి కళ్ళు సరిగ్గా ఆనవు, ఆయన ఉత్తరాలన్నీ ఆ పిల్లే చదివి పెడుతుంది. హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చిందట. షుగర్ ముదిరి కుడి పాదం కుళ్ళుతోంది, ఫిబ్రవరి పద్నాలుగున తీసేస్తారు.

పరిగెత్తుకుంటూ వెళ్ళా. ఆయన కిచెన్‌లో తాపీగా టీ తాగుతున్నాడు.

"పోతే పోనీ," అన్నాడు. "పోయేలోపల ఈ కాలితో ఒక్క పాట రికార్డు చెయ్యాలి. ఒక్కటి చాలు. తర్వాత కోసుకోమను."

"ఓస్, అంతే కదా తాతా," అని తేజశ్రీ ఫోన్ తీసింది. "ఇప్పుడే కానిచ్చేద్దాం."

"ఇక్కడ కాదు. ఈ నేల కింద మీరూ మీ సూట్‌కేసులూ ఉన్నారు. చప్పుడు చచ్చిపోతుంది. గుల్లనేల కావాలి."

సరే, చచ్చేవాడి కోరిక లాంటిదే కదా అని వారంలో మూడు హాళ్ళు తిప్పాం. మా ఆయన డ్రైవింగ్, ఈయన కర్రతో నేల మీద టక్ టక్ కొట్టి చూడటం. ఒకటి సిమెంటు. ఒకటి టైల్స్. మూడోది నిక్షేపంలాంటి చెక్కనేల.

"దీనికేమైంది?" అన్నా.

"కుర్రది. ఇంకో ముప్పై ఏళ్ళు ఎండాలి," అన్నాడు.

మా ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "సరోజా, ఈ ఆపరేషనేదో ఇంకాస్త ముందుకి జరపమని అడగరాదూ?" అన్నాడు. ఛీ, అదేం మాట! కానీ నేనూ లోపల అదే అనుకున్నా.

తిరిగొచ్చి చూస్తే, పిల్లల ఫ్రిజ్ మీద మన తెలుగు అసోసియేషన్ కాగితం అంటించి ఉంది. శ్రీపంచమి, పిల్లలకి అక్షరాభ్యాసాలు, ఫిబ్రవరి మొదటి శనివారం. మనకి ఇక్కడ పండగ ఎప్పుడొచ్చినా శనివారమే చేసుకుంటాం కదా. కాగితం మీద హాలు బొమ్మ వేశారు. తాత దాన్ని కళ్ళకి ఆనించుకుని చూశాడు.

"ఇది నా హాలు," అన్నాడు. "ఎప్పుడో కూలిపోయిందనుకున్నా."

ఎక్కడో గంటన్నర దూరంలో ఉన్న ఆ రైతుల హాలు మనవాళ్ళకి ఎలా దొరికిందో ఆ సరస్వతీ దేవికే తెలియాలి. పట్నంలో హాళ్ళన్నీ బుక్కయిపోయాయట.

అసోసియేషన్ ప్రెసిడెంటు జనార్ధనరావు గారు. మంచాయనే గానీ నోరు తెరిస్తే "మేం డల్లాస్‌లో ఉన్నప్పుడు" అంటారు. ఆయనకి ఫోన్ చేశా.

"పది నిమిషాలు చాలండీ. మామూలు మనిషి కాదు. ఒకప్పుడు ముగ్గురు ప్రధానమంత్రులు ఆయన పాటకి డాన్స్ చేశారు."

"ఏ దేశం ప్రధానమంత్రులండీ?"

"అది అడగలేదండీ."

ఒప్పుకున్నారు. కాగితం మళ్ళీ అచ్చు వేయించి "అంతర్జాతీయ సంగీత విద్వాంసులచే ప్రత్యేక కచేరీ" అని కూడా రాయించారు. నా నోటికి నేనే మొక్కుకోవాలి.

ఆ శనివారం తాతని చూడాలి. నల్ల సూటు, అద్దంలా మెరిసే బూట్లు. కాలికి కట్టు కట్టి, దాని మీద బూటు ఎక్కించడానికి వర్షిణికి గంట పట్టిందట. నడిచే స్టాండు పట్టుకుని హాల్లో అడుగు పెట్టాడు. పెట్టి ఆ స్టాండుతో నేల మీద ఒక్కటి కొట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఉంది. ఇంకా ఉంది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఎంతసేపు! స్టేజీ దగ్గరికి వెళ్ళేదాకానే. స్టేజీ మీద సరస్వతి పటం, దీపం, చుట్టూ పూలు, పలకలు పట్టుకున్న చంటి పిల్లలు. స్టేజీ నేలంతా ఇటు చివర నుంచి అటు చివరికి ఎర్ర తివాచీ. జనార్ధనరావు గారు పట్టుపంచెలో ఎదురుపరిగెత్తుకుంటూ వచ్చారు.

"బూట్లు! బూట్లండీ సరోజ గారూ! అమ్మవారి ముందు బూట్లేంటి? వచ్చినవాళ్ళందరం ఎంట్రన్స్‌లోనే విప్పేశాం కదా!"

"పెద్దాయనండీ, కాలికి పుండు..."

"మేం డల్లాస్‌లో ఉన్నప్పుడు గవర్నరు గారి చేతే విప్పించామండీ!"

తాత మా ఇద్దర్నీ చూడటం లేదు. తివాచీని చూస్తున్నాడు. డెబ్భై ఏళ్ళనాటి శత్రువు ఎదురుపడ్డట్టు.

"మళ్ళీ అదేనా?" అన్నాడు.

నేను బతిమాలా. "తాతా, నీకు దణ్ణం పెడతా. పది నిమిషాలు విప్పు. కాలు పోయే లోపల పాట కావాలన్నావుగా. నీ సొమ్మేం పోతుంది?"

"నువ్వూ డోరిస్ లాగే మాట్లాడుతున్నావు," అని గిరుక్కున వెనక్కి తిరిగాడు. స్టాండు పట్టుకుని గిరుక్కున తిరగడం ఎలాగో నాకు తెలియదు. తిరిగాడు.

జనార్ధనరావు గారికి కోపం నషాళానికి అంటింది. తెలుగులో అరిచారు. "అంత బూట్లేసుకునే వాయించాలనుంటే వెళ్ళి ఆ చెప్పుల దగ్గర వాయించుకోమనండి!"

తాత వర్షిణిని అడిగాడు, "ఏమన్నాడు?"

నేను కళ్ళతో వద్దు వద్దంటున్నా. కానీ ఆ పిల్లకి మండిపోయి ఉంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది.

తాత తలుపు వైపు తల తిప్పాడు. "చెప్పులు ఎక్కడ విప్పారు?"

"ఆ ఎంట్రన్స్‌లో తాతా. తలుపు పక్కన."

"అది పాత కోట్ల గది!" తాత ముఖం వెలిగిపోయింది. "దాని కింద మట్టి కూడా లేదు, అంతా గాలే. ఈ హాలు మొత్తంలో మంచి నేల అదే. బయట మంచు ఎక్కువై జనం తక్కువొచ్చిన రోజుల్లో అక్కడే వాయించేవాళ్ళం." జనార్ధనరావు గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "థాంక్యూ సర్, థాంక్యూ. సంగీతం తెలిసిన మనిషివి."

జనార్ధనరావు గారి ముఖం చూడాలి మీరు. తిట్టు తిట్టి దండ వేయించుకున్న మనిషిని నేను అప్పుడే చూశా.

చెప్పుల గదిలో తక్కువలో తక్కువ నాలుగు వేల జతలున్నాయి. సరే, రెండొందలు. అన్నీ మంచు బూట్లు, తడిసి, కరిగి, వాసన. మా ఆయనా నేనూ వాటిని గోడ వారకి గుట్టలు పోసి నడుమ కుర్చీ వేశాం. తేజశ్రీ ఎవరి పిల్లదో గులాబీరంగు బూటు తీసుకుని అందులో ఫోన్ నిలబెట్టింది. మొదలు.

మొదటిసారి పాట సగంలో ఒకాయన తలుపు తోసి, "సారీ, నా ఎడం షూ కనబడటం లేదండీ" అని వంగి వెతకడం మొదలెట్టాడు. ఆపి మళ్ళీ. రెండోసారి అక్షరాభ్యాసం అయిన పిల్లాడొకడు పలకతో వచ్చి తాత మోకాలి మీద ఓం రాయబోయాడు. మళ్ళీ. మూడోసారి లోపల మైకులో జనార్ధనరావు గారు, "వైట్ కలర్ టయోటా, దయచేసి తీయండి" అన్నారు. పార్కింగ్‌లో ఉన్నవన్నీ తెల్ల టయోటాలే. అరవైమంది చెప్పుల కోసం పరిగెత్తుకొచ్చారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "పాట అయ్యేదాకా ఒక్కరు కూడా చెప్పులు తొడుక్కోకూడదు!" అని అరిచా. నా గొంతు సంగతి తెలుసుగా. ఆగారు.

నాలుగోసారి కుదిరింది.

కుడికాలు పడగానే గోడ వార బూట్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. ఒట్టు. గిటారు మీద వేళ్ళు వణుకుతున్నాయి గానీ కింద ఆ కాలు మాత్రం దడ్, దడ్, దడ్‌మని గుండెల్లోకి వచ్చేస్తోంది. పాట మూడు నిమిషాలు. ఊరు వదిలి పోయిన పిల్ల గురించి. అర్థం కాకపోయినా భోజనాల లైన్లో ముందున్నవాళ్ళు కూడా లైను వదిలి వచ్చి నిలబడ్డారు. మనవాళ్ళు లైను వదలడమంటే మాటలా! జనార్ధనరావు గారు వెనక నిలబడ్డారు. ఆయన బొటనవేలు కదిలింది. నేను చూశా. ఇప్పుడడిగితే లేదంటారు.

ఇంటికొచ్చి వర్షిణి బూటు లాగితే కట్టంతా రక్తం. ఆ పిల్ల కెవ్వుమంది. "నొప్పి పెట్టలేదా తాతా?"

"ఆ పాదానికి ఏడాదిగా ఏమీ తెలియదు," అన్నాడు. "ఎప్పుడు నేలకి ఆనిందో చెవులతో విని తెలుసుకోవడమే."

మర్నాడు రికార్డింగ్ వినిపించడానికి అందరం చేరాం. నేను గులాబ్‌జామూన్ చేసుకెళ్ళా. తాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి విన్నాడు. రెండుసార్లు. పదకొండుసార్లు విన్నాడు. జామూన్లు చల్లారిపోయాయి. చివరికి హెడ్‌ఫోన్స్ తీశాడు.

"రెండో చరణంలో కాలు వెనకబడింది. తీసెయ్యండి."

నాకు ఒక నిమిషం మాట రాలేదు. నాకు!

"అదెవరికి తెలుస్తుంది తాతా?" అంది తేజశ్రీ.

"నాకు తెలుస్తుంది."

"నేను తీసెయ్యను."

"అయితే ఎవరికీ వినిపించకు. వినిపిస్తే బేస్‌మెంట్ ఖాళీ చెయ్యండి."

ఆ ఏడాది బేస్‌మెంట్ ఖాళీ చెయ్యమనడం అంటే చంపేస్తాననడమే. తేజశ్రీ గుడ్లనీళ్ళు కుక్కుకుంది. తాత మాత్రం వచ్చే శనివారం హాలు మళ్ళీ అడగమన్నాడు. హాలు దొరకలేదు. దొరికినా డాక్టరు పాదం కింద పెట్టనిచ్చేలా లేడు. నేను తిట్టా. మా ఆయన తిట్టాడు. వర్షిణి తెలంగాణ యాసలో తిట్టింది, అదొక్కటి ఆయనకి నచ్చింది, అర్థమేంటని అడిగాడు. దిగిరాలేదు. పద్నాలుగో తారీఖు పాదం తీసేశారు.

ఆయన హాస్పిటల్లో ఉండగా తేజశ్రీ దొంగతనంగా నాకొక్కదానికే ఆ పాట వినిపించింది. రెండో చరణం దగ్గర చెవులు రిక్కించి విన్నా. ఒక్క దెబ్బ. చిటికెలో సగం ఆలస్యం. వెనకబడింది నిజమే. నాకు ఇంకా మండింది.

మూడు వారాల తర్వాత నడక నేర్పే సెంటర్‌కి మార్చారు. ఏడుస్తూ ఉంటాడేమో, ఏం చెప్పి ఓదార్చాలా అని దారిపొడుగునా మాటలు కూడబెట్టుకుంటూ వెళ్ళా. చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో గిటారు. కుడివైపు కట్టు. ఎడం కాలికి బూటు. దాని కింద చెక్కపలక. ఇంటి గరాజులోంచి వర్షిణి చేత బస్సులో తెప్పించాడట. ఆ పిల్ల నెత్తిన పలక పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది.

పక్క మంచం ఆయన చెవుల్లో దూది కుక్కుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నర్సు నన్ను చూడగానే, "మీరు ఆయన తాలూకు మనిషేనా? కాస్త చెప్పండమ్మా, పొద్దున ఆరింటి నుంచీ ఇదే!" అంది.

"తాతా, ఏంటిది?" అన్నా.

"ఈ ఎడం కాలు పనికిమాలినది," అన్నాడు. "ఎనభై ఎనిమిదేళ్ళు ఊరికే కూర్చుంది. ఒక్క ముక్క రాదు. నువ్వు కూర్చో. విను."

వాయించాడు. గిటారు ఒక దారిన పోతోంది, కాలు ఇంకో దారిన. మధ్యలో పూర్తిగా ఆగిపోయింది కూడా. పాపం, చెమటలు పట్టేశాయి.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది తాతా."

"అబద్ధం," అన్నాడు. కాలు ఎత్తి మళ్ళీ పలక మీద పెట్టుకున్నాడు. "విను. మళ్ళీ."